గెలాక్సీ స్థానం ఆర్క్‌సెకన్ వరకు కొలవడం: నెడ్‌తో తేడా ఎందుకొస్తుంది, ఎక్కడ వెతకాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ప్రాజెక్టు కోసం కొన్ని యూజీసీ (ఉప్సాలా గెలాక్సీ కేటలాగ్) గెలాక్సీల స్థానాలను డీఎస్ఎస్ (పాత ఫోటో ప్లేట్లను స్కాన్ చేసి తయారుచేసిన ఆకాశ సర్వే) చిత్రాల మీద కొలిచారు. నెడ్ అనే గెలాక్సీల డేటాబేస్‌లో ఉన్న విలువలతో పోలిస్తే 3 నుంచి 8 ఆర్క్‌సెకన్ల (ఒక ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు) దాకా తేడా వస్తోంది. తప్పు మీ కొలతలో ఉందా, డేటాబేస్‌లో ఉందా, ఎలా కొలిస్తే అది డేటాబేస్‌కు పనికొస్తుంది అని అడిగారు.

సూటిగా చెప్తాను. అంత తేడా మామూలుగా కాలిబ్రేషన్ వల్ల రాదు. డీఎస్ఎస్ చిత్రం ఫైలు హెడర్‌లో ఉన్న ప్లేటు సొల్యూషన్ (పిక్సెల్‌ను ఆకాశ స్థానంగా మార్చే సమీకరణం) లోపం చాలా చోట్ల ఒక ఆర్క్‌సెకన్ లోపే ఉంటుంది, ప్లేటు అంచుల్లో కాస్త దాటొచ్చు. మిగిలిన తేడా రెండింట్లో ఒకదాని వల్ల వస్తుంది. గెలాక్సీలో మీరు కేంద్రం అనుకున్న బిందువు, అవతలివాళ్ళు అనుకున్న బిందువు వేరు కావచ్చు. లేదా మీరు కొలిచినది, ఆ పేరు ఎవరికి పెట్టారో ఆ గెలాక్సీయే కాకపోవచ్చు. లెక్కల్ని మళ్ళీ మళ్ళీ సరిచూసుకునే ముందు ఈ రెండూ తేల్చుకోండి.

ఎంత తేడా సహజమో ముందు ఒక అంచనా ఉండాలి. 1973లో నీల్సన్ ప్రచురించిన యూజీసీలో దాదాపు 13 వేల గెలాక్సీలున్నాయి. వాటి ఆర్‌ఏ (తూర్పు-పడమర స్థానం, గంటలు-నిమిషాల్లో రాస్తారు) నిమిషంలో పదో వంతు వరకు, డెక్ (ఉత్తర-దక్షిణ స్థానం, డిగ్రీల్లో రాస్తారు) ఒక ఆర్క్‌నిమిషం వరకే ఇచ్చారు. ఆర్‌ఏలో 0.1 నిమిషం అంటే 6 సెకన్లు, ఖగోళ మధ్యరేఖ దగ్గర అది 90 ఆర్క్‌సెకన్లు. వీటన్నిటినీ 1999లో కాటన్, కాండన్, అర్బిజానీ డీఎస్ఎస్ చిత్రాల మీదే కంటితో చూసి మళ్ళీ కొలిచారు. సరిగ్గా మీరు చేస్తున్న పనే. వాళ్ళు ఇచ్చిన లోపం: 1.2 ఆర్క్‌సెకన్ల వర్గానికి, గెలాక్సీ పొడవు వ్యాసంలో నూరో వంతు వర్గాన్ని కలిపి, వర్గమూలం తీస్తే వచ్చేదానికి మించదు. ఒక ఆర్క్‌నిమిషం గెలాక్సీకి అది 1.3, మూడు ఆర్క్‌నిమిషాలదానికి 2.2, పది ఆర్క్‌నిమిషాలదానికి 6.1 ఆర్క్‌సెకన్లు.

కాబట్టి మీ జాబితాలో మూడు ఆర్క్‌నిమిషాల గెలాక్సీకి 3 ఆర్క్‌సెకన్ల తేడా వస్తే కంగారు అక్కర్లేదు. ఒక ఆర్క్‌నిమిషం గెలాక్సీకి 8 వస్తే మాత్రం ఏదో తప్పింది.

తేడాలను ఒక్కొక్కటిగా చూడకండి, బాణాలుగా గీయండి. ప్రతి గెలాక్సీకి మీ విలువలోంచి నెడ్ విలువ తీసేసి, ఆర్‌ఏ తేడాను డెక్ కొసైన్‌తో గుణించి, ఆర్క్‌సెకన్లలో ప్లాట్ చేయండి. కారణం చాలాసార్లు ఆ బొమ్మలోనే బయటపడుతుంది.

ఒకే ప్లేటు మీదున్నవన్నీ ఒకే దిక్కుకు జరిగితే అది కాలిబ్రేషన్. తేడా గెలాక్సీ పొడవు అక్షం వెంట ఉండి, పరిమాణంతో పాటు పెరుగుతుంటే అది కేంద్రం ఎంపిక. ప్రతిదానిలోనూ పిక్సెల్ అక్షాల వెంట సరిగ్గా 1.7 ఆర్క్‌సెకన్లు కనిపిస్తే పిక్సెల్ లెక్కింపు తప్పింది: ఫిట్స్ (ఖగోళ చిత్రాల ఫైలు) ప్రమాణంలో మొదటి పిక్సెల్ మధ్యబిందువు 1, పైథాన్‌లో 0. మొదటి తరం డీఎస్ఎస్ పిక్సెల్ 1.7 ఆర్క్‌సెకన్లు కాబట్టి ఆ ఒక్కటి మర్చిపోతే రెండు అక్షాల్లో కలిపి 2.4 ఆర్క్‌సెకన్లు పోతుంది. ఆస్ట్రోపై అనే పైథాన్ లైబ్రరీలో పిక్సెల్‌ను స్థానంగా మార్చే ఫంక్షన్‌కు చివర ఇచ్చే 0 లేదా 1 దీనికోసమే. చిత్రాలు చూసే డీఎస్9 ప్రోగ్రామ్ తెర మీద చూపే సంఖ్యలు 1 నుంచి మొదలవుతాయి. అక్కడ చదివిన సంఖ్యను పైథాన్‌లో 0 పద్ధతిలో వేస్తే ఈ తప్పు ఖాయం.

తేడా ఆర్‌ఏలో మాత్రమే ఉండి, ఉత్తరానికి వెళ్ళేకొద్దీ మారుతుంటే కొసైన్ ఎక్కడో పడిపోయింది, లేదా సమయ సెకన్లను ఆర్క్‌సెకన్లుగా రాసేశారు. ఇంకొకటి యూజీసీకి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ కేటలాగ్ −2.5 డిగ్రీల దాకా దిగుతుంది కాబట్టి −00 డిగ్రీల గెలాక్సీలు అందులో ఉంటాయి. డిగ్రీలను పూర్ణసంఖ్యగా చదివితే −00 కాస్తా 0 అయిపోయి మైనస్ గుర్తు మాయమవుతుంది. −00° 12′ ఉండాల్సింది +00° 12′ అవుతుంది, 24 ఆర్క్‌నిమిషాలు అటుపోతుంది. డెక్‌ను ఎప్పుడూ మొత్తం స్ట్రింగ్‌గా చదివించండి.

ఇక గుర్తింపు. ఇది విసుగు పుట్టించే పని, కానీ డేటాబేస్‌లో పెద్ద తప్పులన్నీ ఇక్కడే పుడతాయి. పాత స్థానం చుట్టూ రెండు ఆర్క్‌నిమిషాల్లో రెండు మూడు గెలాక్సీలు కనిపించడం మామూలే. వాటిలో ప్రకాశవంతమైనదాన్ని తీసుకోవడం సరైన పద్ధతి కాదు. యూజీసీలో ఇచ్చిన వ్యాసాలు, పొజిషన్ యాంగిల్ (పొడవు అక్షం ఉత్తరం నుంచి ఎంత తిరిగి ఉందో), రకం, ప్రకాశం, పక్కన ఏముందో చెప్పిన వ్యాఖ్య, వీటన్నిటితో పోల్చాలి. పొజిషన్ యాంగిల్ బాగా కలిస్తే చాలావరకు నమ్మొచ్చు, ఎందుకంటే అది కాకతాళీయంగా కలవడం కష్టం. పాత స్థానం బీ1950 విషువత్తుది, అంటే 1950 నాటి భూ అక్షాన్ని బట్టి ఇచ్చింది అని కూడా మరవొద్దు. జే2000కు మార్చకుండా చూస్తే, భూ అక్షం ఏడాదికి 50 ఆర్క్‌సెకన్ల చొప్పున తిరగడం వల్ల, అరడిగ్రీకి పైగా పక్కకు పోయి ఇంకేదో గెలాక్సీ మీద వాలతారు. మార్చేటప్పుడు ఎఫ్‌కే4 (బీ1950 స్థానాల ఆధార చట్రం) ఫ్రేముకు పరిశీలన తేదీ కూడా ఇవ్వండి. గెలాక్సీ కదలకపోయినా ఎఫ్‌కే4 ఫ్రేమే నెమ్మదిగా తిరుగుతుంది. తేదీ వదిలేస్తే పోయేది ఆర్క్‌సెకన్ లోపే, కానీ అది అన్నిటికీ ఒకే వైపు పోతుంది.

కాలిబ్రేషన్‌కు వద్దాం. హెడర్‌ను నమ్మకుండా మీరే గాయా (నక్షత్రాల స్థానాలు కొలిచిన అంతరిక్ష టెలిస్కోపు) నక్షత్రాలతో స్థానికంగా చేసుకోవడం మేలు. 2022లో వచ్చిన గాయా డీఆర్3 నుంచి మీ గెలాక్సీ చుట్టూ 10–15 ఆర్క్‌నిమిషాల్లో నక్షత్రాలు తీసుకోండి. జీ మాగ్నిట్యూడ్ (గాయా కొలిచిన ప్రకాశం) 14 నుంచి 17 మధ్యవి చాలు. అంతకంటే ప్రకాశవంతమైనవి ఫోటోగ్రాఫిక్ ప్లేటు మీద కాలిపోయి ఉంటాయి. పైగా గైడింగ్ లోపం, కోమా (ప్రతిబింబం తోకలా సాగడం) వల్ల ప్రకాశాన్ని బట్టి ప్రతిబింబ కేంద్రం జరుగుతుంది. రూవీ (గాయా కొలత ఎంత బాగా కుదిరిందో చెప్పే సంఖ్య) విలువ 1.4 దాటినవి తీసేయండి, అవి జంట నక్షత్రాలు కావచ్చు. గెలాక్సీ వెలుగులో మునిగినవీ వద్దు.

గాయా స్థానాలను ప్లేటు తీసిన తేదీకి వెనక్కి తీసుకెళ్ళాలి. ఈ ఒక్క మెట్టూ చాలామంది దాటేస్తారు. డీఆర్3 స్థానాలు 2016.0కి చెందినవి. పాలోమార్ మొదటి సర్వే ప్లేట్లు 1950ల నాటివి. ఏడాదికి 15 మిల్లీ ఆర్క్‌సెకన్లు కదిలే నక్షత్రం 63 ఏళ్ళలో 0.95 ఆర్క్‌సెకన్ జరుగుతుంది. ఇవి తలోదిక్కుకూ జరిగి సగటులో కొట్టుకుపోతాయని అనుకోవద్దు. సూర్యుడి సొంత కదలిక, పాలపుంత భ్రమణం వల్ల ఒక చిన్న ప్రాంతంలోని నక్షత్రాలకు ఉమ్మడి కదలిక ఉంటుంది. గెలాక్సీ కదలదు, నక్షత్రాలు కలిసికట్టుగా కదులుతాయి. సరిచేయకపోతే మీ గెలాక్సీయే ఎదురు దిక్కుకు జరిగినట్టు వస్తుంది. లెక్క వేసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: గాయా ఇచ్చే ఆర్‌ఏ కదలికలో డెక్ కొసైన్ అప్పటికే కలిసి ఉంటుంది. ఆర్‌ఏకు కలిపే ముందు కొసైన్‌తో భాగించాలి. 60 డిగ్రీల డెక్ దగ్గర మర్చిపోతే సవరణ సగమే అవుతుంది.

గాయా రాకముందు ఈ కదలికలు ఎక్కడి నుంచి వచ్చేవో తెలుగువాళ్ళు తెలుసుకోదగ్గ విషయం. 2000లో వచ్చిన టైకో-2 కేటలాగ్‌లో పాతిక లక్షల నక్షత్రాల కదలికలకు ముఖ్య ఆధారం శతాబ్దానికి పైగా కిందట మొదలైన ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ ప్లేట్ల కొలతలు. అందులో −17 నుంచి −23, +36 నుంచి +39 డిగ్రీల పట్టీలు కొలిచింది హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీ. ఆ ప్లేట్ల స్కేలు మిల్లీమీటరుకు ఒక ఆర్క్‌నిమిషం. ఆర్క్‌సెకన్‌లో కొంతభాగం పట్టాలంటే కొన్ని మైక్రాన్ల ఖచ్చితత్వంతో, ఒక్కో నక్షత్రాన్నీ మనిషే కొలవాలి. పాత స్థానం ఎంత పాతదైతే కదలిక అంత బాగా తేలుతుంది కాబట్టి ఆ పనికి అప్పుడూ విలువుంది, ఇప్పుడూ ఉంది.

ఫిట్ నేరుగా ఆర్‌ఏ, డెక్‌లలో చేయకండి. ముందు గెలాక్సీ దగ్గర స్పర్శతలం మీదికి ప్రొజెక్ట్ చేసి, ఆ తలంలో ఆరు స్థిరాంకాల సరళ సమీకరణం వేయండి. మూడు నక్షత్రాలున్నా సమీకరణం తేలుతుంది, కానీ 25–30 ఉంటేనే మంచీ చెడ్డా తెలుస్తుంది. రెసిడ్యువల్ (ఫిట్ తర్వాత మిగిలిన తేడా) మూడు రెట్ల విచలనం దాటినవాటిని తీసి మళ్ళీ ఫిట్ చేయండి, రెండుసార్లకు మించి వద్దు. అంతకుమించి నరికితే ఫిట్ బాగున్నట్టు కనబడుతుందే తప్ప బాగుపడదు. స్మిట్ టెలిస్కోపులో ప్లేటును వంచి బిగించేవారు కాబట్టి దూరదూరంగా వంకరలుంటాయి. చిన్న ప్రాంతంలో స్థానిక ఫిట్ చేయమనేది అందుకే. నక్షత్రానికి 0.3 ఆర్క్‌సెకన్ల చెదురు ఉంటే, 30 నక్షత్రాలతో ఫ్రేము లోపం 0.06కు దిగుతుంది. అక్కడితో కాలిబ్రేషన్ చాలు. ఇంకా పాలిష్ చేయడం వృథా, ఎందుకంటే కేంద్రం లోపం అంతకు పది రెట్లు ఉంటుంది.

మీకు డీఎస్ఎస్సే వాడాలన్న నియమం లేకపోతే, లెగసీ సర్వే చిత్రాలు తీసుకోండి. పిక్సెల్ 0.262 ఆర్క్‌సెకన్లు, ఫ్రేము అప్పటికే గాయాకు కట్టి ఉంటుంది. అది లేని చోట −30 డిగ్రీలకు ఉత్తరాన పాన్‌స్టార్స్ సర్వే ఉంది. అయితే చిత్రం తీసుకోండి, వాళ్ళ కేటలాగ్‌లో రాసిన స్థానం కాదు. ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ పెద్ద సర్పిల గెలాక్సీని ముక్కలు చేసి, చేతుల్లోని హెచ్‌టూ ప్రాంతాలను (కొత్త నక్షత్రాల చుట్టూ వెలిగే వాయు మేఘాలను) విడివిడి గెలాక్సీలుగా నమోదు చేస్తుంది. నెడ్ విలువకూ మీ విలువకూ తేడా రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు: నెడ్‌లో ప్రతి స్థానం పక్కనా అది ఏ మూలం నుంచి వచ్చిందో, లోపం దీర్ఘవృత్తం ఎంతో ఉంటాయి. ఒక గెలాక్సీకి పరారుణ సర్వే నుంచి, ఇంకోదానికి రేడియో నుంచి, మరోదానికి ఆప్టికల్ నుంచి తీసుకుని ఉండొచ్చు. ఆ రెండు గడులు చూడకుండా పోల్చకండి.

ఇప్పుడు అసలు విషయం: కేంద్రం. గెలాక్సీకి కనీసం మూడు కేంద్రాలుంటాయి. ప్రకాశం శిఖరం, బయటి సమప్రకాశ రేఖల మధ్యబిందువు, ద్రవ్యరాశి కేంద్రం. చక్కగా గుండ్రంగా ఉన్న ఎలిప్టికల్‌లో మూడూ ఒకచోటే ఉంటాయి. మిగతావాటిలో ఉంటాయన్న హామీ లేదు. ఆండ్రోమెడానే చూడండి. 1993లో హబుల్ చిత్రాల్లో దాని కేంద్రకం రెండు ముద్దలుగా తేలింది, వాటి మధ్య దూరం 0.49 ఆర్క్‌సెకన్లు. ఎక్కువ వెలిగేది పీ1, కానీ గెలాక్సీ అసలు కేంద్రం మసకగా ఉన్న పీ2 దగ్గరుంది. ఎం87లో కేంద్రకానికి 0.86 ఆర్క్‌సెకన్ల దూరంలో జెట్‌లోని ఒక ముడి 2005 ప్రాంతంలో బాగా వెలిగి, అతినీలలోహితంలో కేంద్రకాన్నే మించిపోయింది. అప్పటి అతినీలలోహిత చిత్రంలో శిఖరాన్ని పట్టుకుంటే జెట్ స్థానం రాసినట్టే.

ధూళి ఇంకా పెద్ద చిక్కు. సెంటారస్ ఏ, అంటే ఎన్‌జీసీ 5128లో, కేంద్రకం ధూళి పట్టీ వెనక దాగి ఆప్టికల్ చిత్రంలో కనబడదు. దాని స్థానం 13గం 25ని 27.6సె, −43° 01′ 08.8″ అని రేడియో కోర్ నుంచి తెలుసు. ఎం82కూ, మనకు అంచు వైపు నుంచి కనిపించే సర్పిలాలకూ ఇదే సమస్య: నీలం చిత్రంలో సెంట్రాయిడ్ (వెలుగు బరువు కేంద్రం) ధూళి లేని పక్కకు వాలిపోతుంది. ఇలాంటివాటికి 2.2 మైక్రాన్ల పరారుణ చిత్రం వాడండి. టూమాస్ పరారుణ సర్వే పిక్సెల్ 2 ఆర్క్‌సెకన్లే అయినా, ధూళి దాచిన చోట అదే నమ్మదగ్గది.

పని మీద ఎలా చేయాలంటే: కేంద్రకం చుక్కలా కనబడితే 9 నుంచి 11 పిక్సెల్‌ల చదరంలో రెండు దిశల గాసియన్ ఫిట్ చేయండి. నేపథ్యాన్ని స్థిరసంఖ్యగా కాక వాలు తలంగా తీసుకోండి. బల్జ్ (గెలాక్సీ మధ్య ఉబ్బు) వెలుగు ఒక పక్కకు ఎక్కువుంటే స్థిర నేపథ్యంతో కేంద్రం అటు లాగబడుతుంది. సోర్స్ ఎక్స్‌ట్రాక్టర్ సాఫ్ట్‌వేర్ వాడితే మామూలు ఎక్స్, వై కాకుండా విండో పెట్టి తీసిన ఎక్స్‌విన్, వైవిన్ తీసుకోండి. మామూలువి మొత్తం సమప్రకాశ ప్రాంతపు బరువు కేంద్రాలు, ఒక చేయి పెద్దదైతే అటే పోతాయి. కేంద్రకం కనబడని ఇర్రెగ్యులర్, మసక గెలాక్సీలకు మధ్య నుంచి బయటికి దీర్ఘవృత్తాలు ఫిట్ చేసి, కేంద్రం వ్యాసార్థంతో ఎంత తిరుగుతోందో చూడండి. ఆ తిరుగుడు పరిధే మీ నిజమైన లోపం.

ఏ పద్ధతైనా చివర చిత్రం మీద క్రాస్ పెట్టి కంటితో చూడాల్సిందే. తెల్లగా మెరిసే ‘కేంద్రకం’ నిజానికి మన పాలపుంత నక్షత్రం అడ్డొచ్చిందేమో గాయాలో పారలాక్స్, కదలిక చూసి తేల్చుకోండి. ఒకవేళ గాయాలో అక్కడ స్థానం ఉంది కదా అని నేరుగా ఎత్తి రాసుకోవద్దు. గాయా గెలాక్సీ లోపలి నక్షత్రగుచ్ఛాన్నో హెచ్‌టూ ప్రాంతాన్నో కూడా ఒక మూలంగా నమోదు చేసి ఉండొచ్చు.

చిత్రంలోని నాయిస్ వల్ల వచ్చే లోపం ఎంత చిన్నదో లెక్క చూడండి: సీయింగ్ (వాతావరణం వల్ల చుక్క పరుచుకునే వెడల్పు) 2 ఆర్క్‌సెకన్లు, సిగ్నల్-నాయిస్ నిష్పత్తి 20 అయితే, 2ను 2.35తో, మళ్ళీ 20తో భాగిస్తే 0.04 ఆర్క్‌సెకన్. సాఫ్ట్‌వేర్ చూపించే లోపం ఇదే. దాన్ని అలాగే డేటాబేస్‌కు పంపకండి. ఫ్రేము లోపం, కేంద్రం ఎంపిక లోపం వర్గాలుగా కలపాలి. కేంద్రం ఎంపిక లోపానికి సులువైన కొలత: అదే గెలాక్సీని రెండు వేర్వేరు రంగుల చిత్రాల్లో, రెండు పద్ధతుల్లో కొలిచి చెదురు చూడటం. వీలైతే ఇద్దరు విడివిడిగా, ఒకరి విలువ ఇంకొకరు చూడకుండా కొలవాలి.

లోపం నిజాయితీగా రాయడం ఎందుకంత ముఖ్యమంటే, తర్వాత ఆ స్థానాన్ని వాడేవాళ్ళు దాన్నిబట్టే వెతుకుతారు. డెసీ స్పెక్ట్రోగ్రాఫ్ ఫైబర్ వ్యాసం ఆకాశంలో దాదాపు 1.5 ఆర్క్‌సెకన్లు. 2 ఆర్క్‌సెకన్లు తప్పితే కేంద్రకం ఫైబర్ బయటే ఉంటుంది. రేడియో మూలాలతో కలిపేటప్పుడు ఇంకోరకం నష్టం. లోతైన చిత్రంలో చదరపు ఆర్క్‌నిమిషానికి 10 గెలాక్సీలున్నాయనుకోండి. 2 ఆర్క్‌సెకన్ల వృత్తంలో సంబంధం లేని గెలాక్సీ పడే అవకాశం 3 శాతం చిల్లర. వృత్తాన్ని 10 ఆర్క్‌సెకన్లకు పెంచితే అది 58 శాతం. లోపం తక్కువ రాస్తే నిజమైన జత దొరకదు, మరీ ఎక్కువ రాస్తే అబద్ధపు జతలు దొరుకుతాయి.

రాసే పద్ధతి: ఆర్‌ఏకు డెక్ కంటే ఒక దశాంశ స్థానం ఎక్కువివ్వండి, ఎందుకంటే సమయ సెకను 15 ఆర్క్‌సెకన్ల వరకు ఉంటుంది. ఆర్క్‌సెకన్ లోపమున్న కొలతకు ఆర్‌ఏ 0.01 సెకను, డెక్ 0.1 ఆర్క్‌సెకన్ చాలు. స్థానాన్ని బట్టి కొత్త పేరు పెట్టాల్సి వస్తే అంకెలను కత్తిరించాలి, దగ్గరి అంకెకు సవరించకూడదు. ఉదాహరణకు 12గం 30ని 49.98సె, +12° 23′ 28.9″ అయితే పేరు జే123049+122328. స్థానం తర్వాత మెరుగుపడినా పేరు మార్చకూడదు. పేరులోని అంకెల్ని స్థానంగా వాడనూ కూడదు.

మీ పట్టికలో ఒక్కో వరుసకు ఇవి ఉండాలి: పాత పేరు, ఐసీఆర్ఎస్ (ఇప్పటి ప్రమాణ చట్రం) స్థానం, రెండు దిశల లోపం, ఏ సర్వే ఏ ఫిల్టరు చిత్రం, దాని తేదీ, ఎన్ని గాయా నక్షత్రాలు, కేంద్రం రకం, వ్యాఖ్య. కేంద్రం రకానికి ‘కేంద్రకం’, ‘బయటి రేఖల మధ్య’, ‘పరారుణ శిఖరం’ లాంటి మూడు నాలుగు గుర్తులు ముందే పెట్టుకోండి. ఒక యూజీసీ సంఖ్య కింద నిజానికి రెండు గెలాక్సీలుంటే మధ్యలో ఎక్కడో ఒక స్థానం రాయొద్దు. రెండింటినీ విడిగా కొలిచి, ఏది ఏ దిక్కున ఉందో వ్యాఖ్యలో చెప్పండి. నెడ్ అలాంటివాటిని పేరు చివర నెడ్01, నెడ్02 అని చేర్చి వేరుచేస్తుంది. మీ జాబితాలో 8 ఆర్క్‌సెకన్లు తేడా వచ్చినవి అలాంటి జంటలేమో ముందు వాటినే తెరిచి చూడండి.